బల్ల ఎటు తిప్పాలి?

శ్రోతలకు నమస్కారం.

ఆఫీసు ఎలా ఉండాలి అనగానే మనం కుర్చీలు, దీపాలు, గోడల రంగు, గాలీ వెలుతురూ గురించి మాట్లాడతాం. మాట్లాడాల్సిందే. నడుము నొప్పెట్టే కుర్చీలో కూర్చున్న మనిషికి పని మీద ధ్యాస నిలవదు. పక్క బల్ల దగ్గర ఫోను సంభాషణ చెవిన పడుతుంటే లెక్క రెండుసార్లు తప్పుతుంది. ఇవి మీకు తెలిసిన సంగతులే కాబట్టి ఇక్కడితో వదిలేస్తాను. ఉన్న ఈ కొద్ది నిమిషాల్లో మీకు ఒక ప్రయోగం గురించి చెప్పాలని ఉంది.

ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయంలో క్రెయిగ్ నైట్, అలెక్స్ హాస్లం అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగమిది. ఫలితాలు 2010లో వెలువడ్డాయి. వాళ్లు ఆఫీసు గదిని నాలుగు రకాలుగా అమర్చారు. మనం వాటిని నాలుగు గదులు అనుకుందాం.

మొదటి గదిలో బల్ల, కుర్చీ, పనికి కావలసిన కాగితాలు. అంతే. కళ్లు అటూ ఇటూ పోయేందుకు ఏమీ లేదు.

రెండో గదిలో పూలకుండీలు పెట్టారు, గోడలకు మొక్కల చిత్రాలు తగిలించారు.

మూడో గదిలోనూ అవే కుండీలు, అవే చిత్రాలు. కానీ వాటిని ఎక్కడ పెట్టుకుంటారో మీ ఇష్టం అన్నారు. అసలు వద్దనుకుంటే తీసి బయట పెట్టేయవచ్చు.

ఇక నాలుగో గది. ఇక్కడా మీ ఇష్టం అన్నారు. వచ్చినవాళ్లు ఇష్టంగా సర్దుకున్నారు. కుండీని దగ్గరికి జరుపుకున్నవారున్నారు, చిత్రాన్ని ఎదురుగా తగిలించుకున్నవారున్నారు. అంతా అయ్యాక ప్రయోగం చేసేవారు లోపలికి వచ్చి, వాళ్ల కళ్ల ముందే మొత్తం మార్చేశారు. అచ్చం రెండో గదిలా సర్దిపెట్టి, ఇక పని మొదలుపెట్టండి అన్నారు.

అందరికీ ఇచ్చిన పని ఒకటే. చీట్లను వరుసగా పేర్చడం, ఒక వ్యాసంలో ఫలానా అక్షరాన్ని వెతికి కొట్టేయడం వంటివి.

బోసి గదిలో కంటే మొక్కలున్న రెండో గదిలో పని బాగా సాగింది. తమంతట తాము సర్దుకున్న మూడో గదిలో ఇంకా బాగా సాగింది. బోసి గదితో పోలిస్తే 32 శాతం వరకు ఎక్కువ. తప్పులేమీ పెరగలేదు. మరి నాలుగో గది? అక్కడ ఆ లాభమంతా పోయింది. పని మళ్లీ బోసి గది స్థాయికే దిగిపోయింది.

ఒక్క క్షణం ఆలోచించండి. రెండో గదిలో ఉన్న కుండీలే నాలుగో గదిలోనూ ఉన్నాయి. అవే చిత్రాలు, అవే చోట్లలో. కంటికి కనిపించే తేడా ఏమీ లేదు. తేడా అంతా, సర్దుకున్నదాన్ని వచ్చి చెరిపేయడంలో ఉంది.

ఈ నాలుగో గది నాకు కొత్తది కాదు. ఒకప్పుడు నేను పనిచేసిన చోట నా బల్ల గోడకు ఎదురుగా ఉండేది. ఒక సాయంత్రం దాన్ని కిటికీ వైపు తిప్పుకున్నాను. రెండు రోజులు ఎంత హాయిగా పనిచేశానో! మూడో రోజు ఉదయం వచ్చేసరికి బల్ల మళ్లీ గోడ వైపే ఉంది. దాన్ని ఈడ్చిన గీతలు నేల మీద తెల్లగా కనిపిస్తున్నాయి. అడిగితే, వరుస తప్పిందండీ అన్నారు. ఆ రోజంతా నాకు కాగితం ముట్టబుద్ధి కాలేదు. ప్రయోగంలో ఉన్నవాళ్లు ఆ గదిలో గడిపింది దాదాపు ఒక గంట. ఏళ్ల తరబడి నాలుగో గదిలో కూర్చునేవారి మాటేమిటి?

దీనికి పూర్తిగా భిన్నమైన చోటు ఒకటి చెబుతాను. అమెరికాలో ఎంఐటీ అనే పెద్ద సాంకేతిక విద్యాసంస్థలో ఇరవయ్యో నంబరు భవనమని ఒకటి ఉండేది. 1943లో, యుద్ధకాలంలో, రాడార్ పరిశోధన కోసం హడావుడిగా కట్టిన చెక్క భవనం. యుద్ధం కాగానే కూల్చేద్దామనుకున్నారు, 1998 దాకా వాడారు. అందం లేదు, సౌకర్యమూ అంతంతమాత్రమే. కానీ తీగ లాగాలంటే గోడకు చిల్లు పెట్టుకోవచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు. జెరోల్డ్ జకరయాస్ అనే శాస్త్రవేత్త కాలాన్ని అతి కచ్చితంగా కొలిచే అణు గడియారం కట్టేటప్పుడు ఎత్తు చాలకపోతే పై అంతస్తుల నేలనే తీయించేశారు. ఆ భవనం మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

గోడలు పడగొట్టనివ్వమని నేను ఆఫీసు పెద్దలను అడగడం లేదు. నడిచే దారికి అడ్డం రాకూడదు, ప్రమాదం జరిగితే బయటపడే తలుపు మూసుకుపోకూడదు. ఇటువంటి నియమాలు రెండో మూడో ఉంటాయి. వాటిని ముందే చెప్పేయండి. ఆ తర్వాత బల్ల ఎటు తిరిగి ఉండాలో, దాని మీద ఏమి ఉండాలో కూర్చునేవారికి వదిలేయండి. వాళ్లు ఇంటికి వెళ్లాక మళ్లీ వరుస సరిచేయకండి.

నమస్కారం.