ఘాట్ ఎక్కే సొంత కారు: శ్రోతల ప్రశ్నలు, మెకానిక్ జవాబులు

యాంకర్: శ్రోతలందరికీ నమస్కారం. ఈ పూట ఫోన్-ఇన్, ఏజెన్సీ కొండ ఊళ్లలో సొంత కారు పెట్టుకున్నవాళ్ల కోసం. అల్లూరి సీతారామరాజు జిల్లాలో చాలా ఊళ్లవాళ్లు కంపెనీ సర్వీసింగ్ చేయించాలంటే నర్సీపట్నమో అనకాపల్లో విశాఖో దిగాల్సిందే. దారిలో బండి ఆగితే ఒక్కోచోట ఫోన్ సిగ్నల్ కూడా అందదు. మనతో స్టూడియోలో ఉన్న మెకానిక్ గారు ఘాట్ కింద వర్క్‌షాప్ నడుపుతూ కొండమీది బళ్లు చాలాకాలంగా చూస్తున్నారు. మొదటి కాల్ తీసుకుందాం. హలో, చెప్పండి.

శ్రోత (చింతపల్లి మండలం): నమస్తే మేడమ్, నమస్తే సార్. కిందటి సంక్రాంతికి సెకండ్ హ్యాండ్ పెట్రోల్ కారు తీసుకున్నాను. లంబసింగి ఘాట్ దిగుతుంటే సగం దూరం వచ్చేసరికి బ్రేక్ పెడల్ మెత్తబడిపోతోంది సార్. కాలు బాగా లోపలికి పోతోంది. కిందికొచ్చి కాసేపు ఆగితే మళ్లీ మామూలే. మామూలైపోతోంది కదా అని ఇన్నాళ్లూ పట్టించుకోలేదు.

మెకానిక్: బాబూ, కాసేపాగితే సర్దుకుంటోందంటేనే భయపడాలి. ముందు ఇది చెప్పు, ఏ గేరులో దిగుతావు?

శ్రోత: ఎక్కువగా నాలుగో గేరు సార్. కొన్నిచోట్ల న్యూట్రల్ చేసేస్తాను, పెట్రోల్ మిగులుతుందని.

మెకానిక్: మిగలదు. ఇప్పటి ఇంజెక్షన్ బళ్లలో గేరు వేసి ఉంచి ఆక్సిలరేటర్ మీద కాలు తీస్తే, ఇంజిన్‌కి పెట్రోల్ వెళ్లడం దాదాపు ఆగిపోతుంది. చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతుంటాయి. న్యూట్రల్ చేశావంటే ఇంజిన్ ఆగకుండా ఉండటానికి పెట్రోల్ కాలుతూనే ఉంటుంది, బండి బరువంతా బ్రేకుల మీద పడుతుంది. కొందరైతే ఏకంగా ఇంజిన్ ఆపేసి దిగుతారు. అది ప్రాణం మీదికి తెచ్చుకోవడం. ఇంజిన్ ఆగితే, మన కాలి నొక్కుడికి బలం కలిపే బ్రేక్ బూస్టర్‌కి బలం అందదు, రెండు మూడుసార్లు తొక్కేసరికి పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. పవర్ స్టీరింగూ గట్టిపడుతుంది.

శ్రోత: మరి మెత్తబడటం దేనికి సార్?

మెకానిక్: వేడికి. అదేపనిగా బ్రేక్ తొక్కి ఉంచితే ప్యాడ్లు, డిస్కులు కాలిపోతాయి, ఆ వేడి బ్రేక్ ఆయిల్‌కి ఎక్కుతుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, దాని గుణమే అంత. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీలు దాటేదాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టిన ఆయిల్‌కి ఆ హద్దు 155కి పడిపోతుంది. మరిగితే లోపల ఆవిరి బుడగలు పుడతాయి. ఆయిల్‌ని నొక్కితే నలగదు, బుడగ నలిగిపోతుంది. నీ కాలు బలమంతా బుడగల్ని నలపడానికే సరిపోతోంది, చక్రం దాకా రావడం లేదు. చల్లారాక బుడగలు పోతాయి కాబట్టి కింద అంతా బాగున్నట్టే ఉంటుంది. మన దగ్గర వానలు, మంచు, ఎప్పుడూ చెమ్మే. అందుకే రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్ పూర్తిగా మార్చమంటాను. పైన కాస్త కలిపి వదిలేస్తే కుదరదు. నువ్వు కొన్నది వాడిన బండి, ఎప్పుడు మార్చారో నీకు తెలియదు కాబట్టి ఈ వారమే మార్పించు. ప్యాడ్లు, వెనక బ్రేక్ షూలు కూడా విప్పి చూడమను. ఆయిల్ డబ్బా మూత మీద డాట్ 3 అని ఉందో, డాట్ 4 అని ఉందో చూసి అదే పోయించు.

యాంకర్: దిగేటప్పుడు ఏ గేరు వెయ్యాలో కూడా చెప్పండి.

మెకానిక్: ఆ వాలు ఎక్కడానికి ఏ గేరు పడుతుందో, దిగడానికీ అదే. రెండో గేరులో ఎక్కావా, రెండులోనే దిగు. ఇంజిన్ కాస్త అరుస్తుంది, అరవనీ. మలుపు ముందు ఒక్కసారి గట్టిగా బ్రేక్ వేసి వేగం తగ్గించి వదిలెయ్యి. పెడల్ మీద పాదం ఆనించి ఉంచొద్దు. ఒకవేళ మధ్యలో పెడల్ కిందికి పోయిందే అనుకో, టకటకా పంపు కొట్టినట్టు తొక్కు, ఒక్కో గేరూ దించు, హ్యాండ్ బ్రేక్ కొద్దికొద్దిగా లాగు. ఇక ఆగదనిపిస్తే కొండవైపు కాలువలోకి దించు, లోయ వైపు మాత్రం పోనివ్వద్దు. ఆగాక డిస్కుల మీద నీళ్లు పోస్తారు చాలామంది, పోయొద్దు, వంగిపోతాయి. వాటంతటవే చల్లారాలి. బాబూ, ఆయిల్ మార్చేదాకా ఆ ఘాట్ దిగొద్దు. మెకానిక్‌నే పైకి పిలిపించుకో.

శ్రోత: అలాగే సార్. మా ఊరి బైక్ మెకానిక్‌కి చేతనవుతుందా?

మెకానిక్: బ్రేక్ లైన్లో గాలి తీయడం వచ్చినవాడైతే చాలు. నువ్వు లోపల కూర్చుని పెడల్ తొక్కాలి, అతను చక్రం దగ్గర గాలి బయటికొచ్చే నిపుల్ విప్పి చూస్తూ ఉండాలి. ఏబీఎస్, అదే గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది, ఉన్న బండైతే మాత్రం పెడల్ సరిగ్గా గట్టిపడిందో లేదో రెండుసార్లు చూసుకో.

యాంకర్: తర్వాతి కాల్. నమస్కారం, ఎక్కడి నుంచి?

శ్రోత (ముంచింగిపుట్టు): నమస్కారమండీ. నేను టీచర్ని. సెలవులకి ఊరెళ్లి వచ్చేసరికి కారు స్టార్ట్ కాలేదు. టక్ టక్ మంటుంది గానీ సెల్ఫ్ తిరగదు. అందరూ కలిసి తోశారు, అప్పుడు స్టార్ట్ అయింది. ఇంకోటి, పెట్రోల్ బంకు దూరమని ఇక్కడ కొట్లో సీసాల్లో అమ్మేది పోయించాను. అప్పటి నుంచి ఎత్తు ఎక్కుతుంటే జర్కులిస్తోంది.

మెకానిక్: అమ్మా, మొదటిది బ్యాటరీ. కారు ఊరికే పడి ఉన్నా గడియారం, లాకులు, అలారం కొంచెం కొంచెం కరెంటు తాగుతూనే ఉంటాయి. నెలల తరబడి తీయనప్పుడు మైనస్ టెర్మినల్ విప్పి పెట్టండి, పది నంబరు పానా చాలు చాలా బళ్లకి. ఒక చిన్న మల్టీమీటర్ కొనుక్కోండి. బండి ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12కి వచ్చేసిందంటే ఖాళీ అయిపోతున్నట్టు. స్టార్ట్ చేశాక 14 దగ్గర ఉండాలి, పెరగకపోతే తప్పు బ్యాటరీది కాదు, డైనమోది. మీ వైపు చలికాలంలో బ్యాటరీ బలం ఇంకా తగ్గుతుంది, అందుకని వయసైపోయినదాన్ని కార్తీకంలోపే మార్చేయండి.

శ్రోత: పెట్రోల్ సంగతి?

మెకానిక్: సీసా పెట్రోల్‌లో ఏం కలిసిందో ఎవరూ చెప్పలేరు. ఇప్పుడు వచ్చే పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంటుంది, అది నీటిని లాక్కుంటుంది. చెమ్మలో మూత సరిగ్గా లేని సీసాలో రోజులకొద్దీ ఉంటే, నీళ్లు ఎక్కువైనప్పుడు ఇథనాల్, నీళ్లు కలిసి అడుగుకి దిగిపోతాయి. ట్యాంకు అడుగునున్నదే ముందు ఇంజిన్‌కి వెళ్తుంది. అందుకే జర్కులు. ట్యాంకు ఖాళీ చేయించి ఫిల్టర్ చూపించండి. ఇకమీదట ట్యాంకు సగానికి వచ్చిందంటే నింపుకోవడమే. ప్లాస్టిక్ సీసాల్లో ఇంట్లో మాత్రం దాచొద్దమ్మా, వంటింటి పొయ్యి ఉన్న ఇల్లు.

శ్రోత (సీలేరు): హలో సార్, నాది బీఎస్6, అంటే కొత్త కాలుష్య నిబంధనలకి తగ్గట్టు చేసిన డీజిల్ బండి. డ్యాష్‌బోర్డు మీద పొగ గొట్టంలాంటి లైటు పసుపుపచ్చగా వెలుగుతోంది. బండి బాగానే నడుస్తోంది.

మెకానిక్: అది డీపీఎఫ్, పొగలోని మసిని పట్టే ఫిల్టర్. మసి నిండితే బండే దాన్ని కాల్చేసుకుంటుంది, కానీ దానికి పొగ గొట్టం బాగా వేడెక్కాలి. మీరు సంతకీ బడికీ రెండు మూడు కిలోమీటర్లు మొదటి, రెండో గేరుల్లో తిరుగుతుంటే ఆ వేడి ఎప్పుడూ రాదు. చదునైన రోడ్డు దొరికినచోట ఇరవై నిమిషాలు ఆపకుండా, గేరు కాస్త తగ్గించి, ఇంజిన్ రెండు వేల ఆర్‌పీఎం పైన ఉండేలా నడపండి. లైటు ఆరిపోవాలి. ఆరకుండా ఎర్ర లైటో ఇంజిన్ లైటో వచ్చిందంటే ఇంక నడపొద్దు. కొండమీదే చిన్నచిన్న దూరాలు తిరిగేవాళ్లు నన్నడిగితే కొత్త డీజిల్ వద్దంటాను, పెట్రోలే తీసుకోమంటాను. డీజిల్ లాగుడు బాగుంటుంది నిజమే, ఫిల్టర్ మార్చాల్సొస్తే ఆ ఖర్చు తట్టుకోలేరు.

యాంకర్: ఇంకొక కాల్ ఉంది. చెప్పండి బాబాయ్.

శ్రోత (పెదబయలు మండలం): అమ్మా, మా నాలుగు ఊళ్లకీ నాదొక్కటే కారు. అర్ధరాత్రి ఎవరికి నొప్పులొచ్చినా, పాము కరిచినా మా గుమ్మంలోకే వస్తారు. రోడ్డు దాకా డోలీలో మోసుకొస్తే అక్కణ్ణించి పాడేరు ఆసుపత్రికి నేను తీసుకెళ్తాను. వానాకాలం వచ్చేస్తోంది. ఏమేం చూసుకోవాలి?

మెకానిక్: బాబాయ్, మీ బండి మీద ఊళ్ల ప్రాణాలున్నాయి, అందుకే ఒకటికి రెండుసార్లు చెప్తాను. వాగు, గెడ్డ పొంగితే దిగొద్దు. నీళ్లు బంపర్ ఎత్తుకొచ్చాయంటే ఇంజిన్ గాలి పీల్చేచోట నీళ్లు పీల్చేస్తుంది. గెడ్డలో ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు. లోపల నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి, ఇంజిన్ మొత్తం విప్పాలి. బయటికి తోయించి ప్లగ్గులు తీసి చూడాలి. ఇంజిన్ రక్షణ అని ఇన్సూరెన్స్‌లో విడిగా కలుపుకునేది ఉంటుంది, ఈసారి రెన్యువల్‌కి అడగండి.

శ్రోత: కొందరు డీజిల్ డబ్బులిస్తామంటారు. తీసుకోవచ్చా?

మెకానిక్: ఈ మాట సూటిగా చెప్పాలి. తెల్ల నంబరు ప్లేటు బండికి కిరాయి తీసుకుంటే ఇన్సూరెన్స్ షరతు తప్పినట్టే. ఏదైనా జరిగితే మీ క్లెయిము రాకపోవచ్చు. కిరాయికే తిప్పాలంటే పసుపు ప్లేటు, పర్మిట్ తీసుకోండి. మీ మంచితనం మిమ్మల్ని అప్పులపాలు చేయకూడదు. సరే, స్టెప్నీ గాలి ఎప్పుడు చూశారు?

శ్రోత: కొన్నప్పుడు చూశానేమో.

మెకానిక్: బండి పక్కనే ఉందా? టైరు పక్కన డాట్ అని అక్షరాలుంటాయి, చివర నాలుగు అంకెలు చదవండి.

శ్రోత: టార్చి వేస్తున్నా, ఉండండి... సున్నా తొమ్మిది, ఒకటి, ఆరు.

మెకానిక్: 2016లో తొమ్మిదో వారం తయారీ. అరగలేదు కదా అనుకుంటారు, పడి ఉన్నా రబ్బరు ఎండి పగులుతుంది. అది నమ్మదగ్గ టైరు కాదు బాబాయ్, వానలకి ముందే మార్చాలి. మిగతా నాలుగింటివీ చదివి చూసుకోండి.

శ్రోత: ఆదివారం మావాడు నర్సీపట్నం దిగుతున్నాడు. టైరు ఇచ్చి పంపనా?

మెకానిక్: రిమ్‌తో సహా పంపండి. అక్కడే ఎక్కించి, గాలి నింపి, బ్యాలెన్సింగ్ చేయించి తెమ్మనండి. జాకీ, వీల్ పానా, పంక్చర్ కిట్, లాగడానికి తాడు కూడా చెప్పి పంపండి.

శ్రోత: రాసుకుంటున్నాను. జాకీ మాత్రం ఉంది నా దగ్గర.

మెకానిక్: రేపు పగలు ఒకసారి దానితో బండి లేపి చూడండి. లేవకపోతే అదీ తెప్పించండి.