మరిగించని టీ: ఇంట్లో మాచా ఇలా కలుపుకోండి

నమస్కారమండీ, బాగున్నారా అందరూ? ఈ రోజు జపాన్‌లో మా ఒసాకా వంటింట్లోంచి మాచా, అంటే ఇక్కడి ఆకుపచ్చ టీ పొడి.

చాలామంది అడుగుతున్నారు, "అక్కా, డబ్బా కొన్నాం, కలిపితే గడ్డి నీళ్ళలా ఉంది, ఏం చేయాలి?" అని. దాచడం ఎందుకు, నేను మొదటిసారి చేసింది గడ్డి నీళ్ళకంటే ఘోరం. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఒక డబ్బా కొన్నాను. మనకు తెలిసిన టీ ఒకటే కదా. గిన్నెలో పాలు పోసి, అల్లం దంచి వేసి, ఈ పొడి రెండు చెంచాలు వేసి, పొంగు వచ్చేదాకా మరిగించాను. పైన ఆకుపచ్చ తెట్టు, అడుగున మడ్డి. అప్పుడు మా అత్తయ్యగారు ఇక్కడే ఉన్నారు. గిన్నెలోకి తొంగిచూసి, "గోరింటాకు పొడి కలిపావేంటమ్మా?" అన్నారు. ఆవిడ తప్పేం లేదు, అచ్చం అలాగే ఉంది.

మన చాయ్ రుచంతా మరుగులోనే ఉంటుంది. మాచాని మరిగించారంటే పాడైపోయినట్టే. మిగతావన్నీ అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు గానీ, ఇదొక్కటి మాత్రం పట్టుకోండి.

ఇంకో మాట, పేరు గురించి. మనం మాచా అంటున్నాం. ఇక్కడివాళ్ళు చకారాన్ని ఒత్తి "మచ్చా" అంటారు, చెన్నైలో కుర్రాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పిలుచుకున్నట్టే. పొడి చేసిన తేయాకు అని అర్థం. ఆ చివరి "చా", మన "చాయ్" రెండూ చైనా నుంచి వచ్చిన ఒకే మాట.

[దగ్గరి షాట్: తెల్ల పళ్ళెంలో రెండు రకాల పొడి]

ఇదిగో, దగ్గరగా చూడండి. ఎడమవైపుది ఎలా ఉంది? లేత చింతచిగురులా, కళ్ళు చెదిరే పచ్చ. కుడివైపుది ఎండిన కరివేపాకు రంగు, కాస్త పసుపు తిరిగింది. కొనేటప్పుడు డబ్బా మీద రాతలకంటే ఈ రంగును నమ్మండి. "సెరిమోనియల్ గ్రేడ్", అంటే టీ వేడుకకు తగిన రకం అని పెద్ద అక్షరాలతో వేస్తారు చూశారా, దానికి ప్రభుత్వం పెట్టిన ప్రమాణం అంటూ ఏదీ లేదు. ఎవరైనా వేసుకోవచ్చు. కుడివైపు పొడి డబ్బా మీదా అదే రాసుంది!

రంగు ఎందుకింత తేడా అంటే, తోటలోనే మొదలవుతుంది కథ. మాచాకి వాడే ఆకు కోయడానికి సుమారు మూడు వారాల ముందు నుంచి మొక్కల మీద పందిరి వేసి ఎండ తగలకుండా చేస్తారు. ఇప్పుడు ఎక్కువగా నల్లటి వలగుడ్డ కప్పుతున్నారు, పాత పద్ధతిలో అయితే రెల్లు తడికలు, వాటి మీద వరిగడ్డి. ఎండ దొరక్క ఆకు పచ్చదనం పెంచుకుంటుంది. ఆకులో థియానిన్ అనే పదార్థం ఉంటుంది, తియ్యగా, కమ్మగా అనిపించేది అదే. ఎండ తగిలితే అది వగరుగా మారిపోతుంది, నీడలో ఉంటే అలాగే నిలుస్తుంది. కోసిన వెంటనే ఆవిరి పట్టి, నలపకుండా ఆరబెట్టి, ఈనెలూ కాడలూ తీసేస్తారు. అలా మిగిలిన ఆకును "తెంచా" అంటారు. దాన్ని విసిరితే మాచా. విసరడం అని ఎందుకన్నానంటే, నిజంగా తిరగలే! మన అమ్మమ్మల ఇళ్ళల్లో ఉండే లాంటి రాతి తిరగలి. గంటసేపు తిప్పితే వచ్చేది 40 గ్రాములు, అంతే. వేగంగా తిప్పితే రాయి వేడెక్కి వాసన పోతుందని అంత నెమ్మది. మీ చేతిలో 30 గ్రాముల డబ్బా ఉంటే, దాని వెనక ఒక తిరగలి ముక్కాలు గంట తిరిగిందని లెక్క. చవక రకాలు మెషీన్లలో ఆడిస్తారు, వాటిది వేరే సంగతి.

నేను కొనేది ఉజిలో. క్యోటో పక్కనే ఉంటుంది. ఒసాకా నుంచి కేహాన్ రైలెక్కి చూషోజిమాలో మారితే చాలు. పది యెన్ల నాణెం మీద ఉండే బ్యోదోయిన్ గుడి అక్కడిదే. ఆ గుడికి వెళ్ళే వీధి పొడవునా టీ దుకాణాలే, అడుగు పెట్టగానే వేయించిన తేయాకు వాసన. మాచా ఉజిలోనే పండుతుందని కాదు, నగోయా వైపు నిషియోలో, కింద కగోషిమాలో కూడా బాగా పండుతుంది. 2024 చివర్లో ప్రపంచమంతా ఎగబడేసరికి క్యోటో పాత దుకాణాలు మనిషికి ఇన్ని డబ్బాలే అని కట్టడి పెట్టాయి. ధరలూ పెరిగాయి. అందుకే చెప్తున్నాను, చిన్న డబ్బా కొనండి.

సరే, పనిలోకి దిగుదాం.

ముందు నీళ్ళు. కెటిల్లో కాగాయి, చూడండి, బుడగలు. ఇప్పుడు కొన్ని ఈ గిన్నెలో పోస్తున్నాను, ఈ వెదురు చాసెన్ అందులో నిలబెడుతున్నాను. చాసెన్ అంటే ఇదే, చిలికే కుంచె. ఒక్క వెదురు ముక్కని చాకుతో సన్నగా చీల్చి చేస్తారు, అతికించింది ఏమీ ఉండదు. నారా దగ్గర తకయామా అనే ఊరు వీటికి పేరు. పుల్లలు లెక్కపెడితే దీనికి వంద దాకా ఉంటాయి, ఎనభైవి కూడా వస్తాయి. పొడిగా ఉన్నప్పుడు చిలికితే పుటుక్కున విరుగుతాయి, అందుకే ఓ నిమిషం నానాలి. గిన్నె కూడా వేడెక్కుతుంది, ఒక దెబ్బకి రెండు పనులు.

ఇంకో పక్క, తాగడానికి నీళ్ళు. థర్మామీటర్ ఉంటే 75 నుంచి 80 డిగ్రీలు చూసుకోండి. లేదా? టెన్షన్ వద్దు. పిల్లలకి పాలు చల్లార్చడానికి తిరగబోస్తాం కదా, అదే. కాగిన నీళ్ళు ఒక గ్లాసులోకి, అందులోంచి ఇంకో గ్లాసులోకి. గ్లాసు మారిన ప్రతిసారీ సుమారు పది డిగ్రీలు తగ్గుతుంది. రెండుసార్లు మారిస్తే సరిపోతుంది. మరిగే నీళ్ళే పోస్తే వగరూ చేదూ ఎగదన్నుకొస్తాయి, ఆ కమ్మదనం నాలుకకు అందదు.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి ఓ మాట. బోరు నీళ్ళు వద్దు, ఫిల్టర్ నీళ్ళు వాడండి. ఇక్కడి కుళాయి నీళ్ళలో లవణాలు తక్కువ, అందుకే నేరుగా వాడేస్తున్నాను.

[దగ్గరి షాట్: జల్లెడ]

ఇప్పుడు గిన్నెలో నీళ్ళు పారబోసి, పొడి బట్టతో తుడిచేశాను. తడి ఉండకూడదు. దాని మీద టీ వడపోసే స్టీల్ జల్లెడ. ఈ వెదురు గరిటెతో రెండుసార్లు తీస్తే రెండు గ్రాములు, మామూలు టీస్పూన్‌తో అయితే ఒకటి, తల కొట్టి. చెంచా వెనకతో ఇలా రాయండి. చూశారా, ఎన్ని ఉండలున్నాయో! పొడి మరీ మెత్తన కాబట్టి దానంతటదే అంటుకుపోతుంది. ఈ ఉండలు జల్లించకుండా నీళ్ళు పోశారా, ఎంత చిలికినా కరగవు. తాగేటప్పుడు నోట్లో పగిలి, లోపల పొడిపొడిగా... వద్దులెండి. ఈ అర నిమిషం పని ఎగ్గొట్టకండి.

తర్వాత బజ్జీల పిండి గుర్తు తెచ్చుకోండి. శనగపిండిలో ఒకేసారి చెంబుడు నీళ్ళు పోయం కదా. ముందు రెండు చెంచాల నీళ్ళు, జారుగా అయ్యేదాకా చాసెన్‌తో నెమ్మదిగా కలపడం. అదిగో, నిగనిగలాడుతోంది. ఇప్పుడు మిగతా నీళ్ళు, మొత్తం కలిపి 70 మిల్లీలీటర్లు ఉంటే చాలు. "అంతేనా?" అనకండి, ఇరానీ చాయ్ కప్పు కూడా అంతే ఉంటుంది.

ఇక చిలకడం. మనకి చిలకడం అనగానే కవ్వం గుర్తొస్తుంది, అరచేతుల మధ్య గుండ్రంగా తిప్పడం. ఇక్కడ గుండ్రంగా తిప్పితే నురగ రాదు. ఎడమచేత్తో గిన్నె పట్టుకుని, కుడి మణికట్టు మాత్రం ఆడిస్తూ ముందుకీ వెనక్కీ, ఇంగ్లీష్ ఎమ్ అక్షరం గబగబా రాస్తున్నట్టు. భుజం కదలకూడదు. అడుగుకి గీరుకోకూడదు, పుల్లలు అరిగిపోతాయి. చప్పుడు వినండి... సరసర అంటోంది కదా. పదిహేను, ఇరవై సెకన్లు. పెద్ద బుడగలు వచ్చాయి. ఇప్పుడు చాసెన్ కొంచెం పైకెత్తి, పైపైన నెమ్మదిగా తడిమితే అవి పగిలి సన్న నురగ మిగులుతుంది. మధ్యలోంచి పైకి తీసేయండి.

నురగ రాలేదని కొందరు బాధపడిపోతుంటారు. జపాన్ టీ సంప్రదాయానికి పెద్ద దిక్కు సెన్ నో రిక్యూ, 1591లో పోయాడు. ఆయన మునిమనవళ్ళు ముగ్గురు అన్నదమ్ములు ఆ సంప్రదాయం నేర్పే మూడు ఇళ్ళు పెట్టారు, ఇప్పటికీ క్యోటోలో నడుస్తున్నాయి. వాటిలో ఉరసెంకేవాళ్ళు గిన్నె నిండా నురగ కావాలంటారు. ఒమోతెసెంకేవాళ్ళు నురగ మరీ ఎక్కువ వద్దు, మధ్యలో కొంత టీ కనబడాలంటారు. అన్నదమ్ముల ఇళ్ళలోనే కుదరలేదు, మనకెందుకు బెంగ?

చాసెన్ లేనివాళ్ళు బ్యాటరీతో తిరిగే కాఫీ నురగ మెషీన్ వాడండి, బాగానే వస్తుంది. అదీ లేకపోతే మూత గట్టిగా ఉన్న సీసాలో చన్నీళ్ళతో వేసి ఊపేయండి. వేడి నీళ్ళతో మాత్రం ఆ పని చేయకండి, మూత ఎగిరి గోడ మీద పడుతుంది. మా గోడ మీద మరక ఇంకా ఉంది, చూపించమంటే చూపిస్తాను.

తాగే ముందు ఒక స్వీటు తినాలి. ముందే, టీతో పాటు కాదు. ఇక్కడ ఎర్ర బొబ్బర్ల లాంటి అజుకి గింజల ముద్దతో చేసినవి పెడతారు, మన పూర్ణం లాగే ఉంటుంది. పూర్ణం బూరె ఉంటే ఇంకేం కావాలి! నా దగ్గర ఈ రోజు సున్నుండ ఉంది. నోరంతా తీపి అయ్యాక ఆ వగరు తగిలితే, అప్పుడు తెలుస్తుంది ఈ టీలో చక్కెర ఎందుకు వేయరో.

[తాగుతున్న షాట్]

రుచి ఎలా చెప్పను... మొదట కమ్మగా, తర్వాత చివరన సన్నటి వగరు, నేరేడుపండు తిన్నాక నాలుక పట్టినట్టు. ఆ కమ్మదనాన్ని ఇక్కడ "ఉమామి" అంటారు. ఉగాది పచ్చడిలో ఆరు రుచులుంటాయి, ఇది వాటిలో లేని ఏడోది అనుకోండి. చివరి గుక్క మాత్రం జుర్రుమని చప్పుడు చేస్తూ తాగాలి, అది ఇక్కడి మర్యాద. మనింట్లో అయితే తిట్లు పడేవి.

పాలతో కావాలనేవాళ్ళకి: ఇంతే పొడి, 30 మిల్లీలీటర్ల నీళ్ళతో చిక్కగా చిలికి, గ్లాసులో ఐసు, పాలు, కాస్త చక్కెర వేసుకుని పైన పోసుకోండి. దీనికి ఖరీదైన పొడి దండగ, పాలలో ఆ సున్నితం తెలియదు. అల్లం మాత్రం వద్దండీ, అనుభవంతో చెప్తున్నాను.

ఒక కప్పులో సుమారు 60 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది, పొడిని బట్టి అటూ ఇటూ. సాయంత్రం ఆరు దాటాక తాగితే నాకు నిద్ర పట్టదు. రక్తం తక్కువగా ఉండి ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్ళు, వాటికీ భోజనానికీ దీనికీ మధ్య కనీసం గంట ఎడం ఇవ్వండి. గర్భిణులు డాక్టర్‌ని అడిగే తాగండి. బరువు తగ్గుతారా అని కూడా అడిగారు. పక్కన సున్నుండ పెట్టుకుని నేనేం చెప్పను!

డబ్బా తెరిచాక నెల, నెలన్నరలో అవగొట్టేయండి. గాలి చొరకుండా మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టొచ్చు, కానీ బయటికి తీయగానే తెరవకండి. చల్లటి డబ్బాలో తేమ పడుతుంది, పొడి గడ్డకడుతుంది. కాసేపు బయట ఉంచి తెరవండి. ఇంగువ డబ్బా పక్కన అసలు పెట్టకండి, వాసన పట్టేస్తుంది.

ఇక చాసెన్. సబ్బు వద్దు, గోరువెచ్చని నీళ్ళలో నాలుగుసార్లు ఆడిస్తే చాలు. ఇదిగో, పుల్లల మధ్య ఇరుక్కున్న పచ్చ ఇలా వేలితో తీసేసి, గాలి తగిలేలా నిలబెట్టి ఆరబెట్టండి. తడిగా డబ్బాలో పెట్టి మూసేస్తే బూజు పడుతుంది. నా మొదటిది అలాగే పోయింది.

అయ్యో, పాప లేచినట్టుంది, ఏడుపు వినిపిస్తోంది కదా. మీ పొడి రంగు ఎలా ఉందో ఫోటో పెట్టండి, చూసి చెప్తాను. ఉంటానండీ.