పేపర్లు ఉన్నాయి సరే, తల్లి ఎక్కడ?

[దృశ్యం: చెక్క బల్ల మీద చింపిన కొరియర్ కవరు. దాని పక్కన చిన్న ఎర్రటి మెడపట్టీ. కిటికీ అవతల వీధిలో ఆటోల చప్పుడు.]

నమస్కారం. ఈ కవరు శ్రీకాకుళంలో మా ఇంటికి చేరేసరికి, లోపలి కాగితంలో పేరున్న కుక్కపిల్ల చనిపోయి నెల దాటింది.

లాబ్రడార్ పిల్ల, మగది. మా అమ్మాయి బుజ్జి అని పిలిచేది. అమ్మిన మనిషి పేరు, ఊరు చెప్పను. ఆయన నాకు మూడు మాటలు చెప్పాడు. పిల్లకు పేపర్లు, అంటే జాతి కుక్కలను నమోదు చేసే కెనెల్ క్లబ్బు ఇచ్చే వంశావళి సర్టిఫికెట్, ఉన్నాయి, చర్మం కింద గుర్తింపు చిప్ వేయించాము, నేను ఆ క్లబ్బు మెంబరుని. మూడూ నిజమే. తల్లిని ఒకసారి చూపించమంటే, "వేరే చోట ఉందండీ, కొత్తవాళ్లు వస్తే కరుస్తుంది" అన్నాడు. నేను సరే అన్నాను. ఆ ఒక్క మాట అనకుండా ఉండవలసింది.

అట్టపెట్టెలో పాత దుప్పటి పరిచి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాము. మూడో రోజు వాంతులు మొదలయ్యాయి. నాలుగో రోజు రక్త విరేచనాలు. పశువైద్యుడు చూడగానే పార్వో అన్నారు, కుక్కపిల్లల పేగులను దెబ్బతీసే వైరస్ జబ్బు. సెలైన్ ఎక్కించడానికి ముందుకాలిలో నరం దొరకబుచ్చుకునేసరికే చాలాసేపు పట్టింది, అంత చిన్న కాలు. ఆరో రోజు తెల్లవారుజామున పోయింది. పార్వో వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు బయటపడటానికి సాధారణంగా 3 నుంచి 7 రోజులు పడుతుంది. మా గడప తొక్కకముందే దానికి జబ్బు అంటి ఉండవచ్చన్నమాట.

[దృశ్యం: కాగితం మీద పుట్టిన తేదీ దగ్గర ఆగిన వేలు.]

తరువాత ఈ సర్టిఫికెట్ వచ్చింది. పుట్టిన తేదీ చూశాను. డబ్బు చెల్లించిన తేదీ ఫోనులో చూశాను. రెండింటి మధ్య 34 రోజులు. మన దేశంలో 8 వారాలు నిండని కుక్కపిల్లను అమ్మకూడదు. 8 వారాలంటే 56 రోజులు. అమ్మిన మనిషి తప్పును ఈ కాగితమే ఇంత స్పష్టంగా పట్టించింది, ఇందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. అందుకే ఈ వీడియో చేస్తున్నాను. కెనెల్ క్లబ్బు కాగితం ఏమి చెబుతుందో, ఏమి చెప్పలేదో తెలియక నాలాగే సరే అనేవాళ్లు మన జిల్లాల్లో చాలామంది ఉన్నారు.

[దృశ్యం: పాతకాలపు డాగ్ షో చిత్రలేఖనం.]

కెనెల్ క్లబ్బు అనే ఏర్పాటు లండన్‌లో 1873లో మొదలైంది. అప్పటికే ఇంగ్లండులో కుక్కల పోటీలు జోరుగా సాగుతున్నాయి, కానీ ఒకే పేరుతో బోలెడన్ని కుక్కలు ఉండేవి. ఏ కుక్క గెలిచిందో, ఏ కుక్క దేనికి పుట్టిందో తేల్చడం కష్టమయ్యేది. ఆ గందరగోళం తీర్చడానికి క్లబ్బు 1874లో మొదటి వంశావళి గ్రంథం అచ్చువేసింది. ఇది మనసులో పెట్టుకోండి. క్లబ్బు పుట్టిందే కుక్కను గుర్తుపట్టడానికి. ఆ కుక్క ఆరోగ్యంగా ఉందా, దాన్ని బాగా చూసుకుంటున్నారా అనేవి ఆనాటి ప్రశ్నలు కావు.

మన దేశంలో ఈ పని చేసేది కెనెల్ క్లబ్ ఆఫ్ ఇండియా. కార్యాలయం చెన్నైలో ఉంది. అందరూ కేసీఐ అంటారు. క్లబ్బులో సభ్యత్వం వేరు, కుక్కను నమోదు చేయించడం వేరు. కెనెల్, అంటే కుక్కలను పెంచే చోటు, దాని పేరు నమోదు చేయించుకోవడం ఇంకొకటి, ఆ పేరును మరొకరు వాడుకోకుండా అది కాపాడుతుంది. ఈ మూడింటినీ కలిపేసి "మాది కేసీఐ కెనెల్" అనేస్తారు. వినేవాళ్లకు అది ప్రభుత్వ ముద్రలాగా వినిపిస్తుంది.

క్లబ్బులకు నియమావళి లేదని కాదు. సభ్యుడు తప్పు చేస్తే సభ్యత్వం తీసేయవచ్చు, అతని కుక్కల నమోదు ఆపేయవచ్చు. క్లబ్బు చేతిలో ఉన్నది అంతే. తలుపు తట్టి లోపలికి వెళ్లి సోదా చేసే అధికారం దానికి లేదు.

[దృశ్యం: సర్టిఫికెట్‌లోని వంశవృక్షం దగ్గరగా. మూడు వరుసలు.]

ఇప్పుడు ఈ కాగితాన్ని చదువుదాం. చాలామంది దీన్ని ఫైల్లో పెట్టేస్తారు, చదవరు. మొదటి వరుసలో తండ్రి, తల్లి. రెండో వరుసలో తాతలు, నాయనమ్మ, అమ్మమ్మ, నాలుగు పేర్లు. మూడో వరుసలో ముత్తాతలు, ముత్తవ్వలు, ఎనిమిది. మొత్తం 14 పేర్లు. ఒక పెన్సిలు తీసుకుని, రెండుసార్లు కనిపించే పేరు కింద గీత గీయండి.

మా బుజ్జి కాగితంలో గీత పడింది. తండ్రికి తండ్రి, తల్లికి తండ్రి ఒకే కుక్క. అంటే ఒకే తండ్రికి వేర్వేరు తల్లుల కడుపున పుట్టిన రెండింటిని కలిపారు. మేనరికాల గురించి మనకు ఒకరు చెప్పనక్కరలేదు. జన్యుశాస్త్రం లెక్కలో మేనబావ, మేనమరదలు పెళ్లాడితే పుట్టే బిడ్డకు ఒకే పూర్వీకుడి జన్యువు తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ అందే అవకాశం 6.25 శాతం. మేనమామ, మేనకోడలు అయితే 12.5 శాతం. బుజ్జి విషయంలో అదీ 12.5 శాతమే, మూడు తరాలు చూసినంత వరకు. మనుషుల్లో డాక్టర్లు వద్దనే సంబంధాన్ని కుక్కల్లో లైన్ బ్రీడింగ్ అనే పేరుతో గొప్పగా చెప్పి అమ్ముతారు.

దీనివల్ల నష్టం ఏమిటి? లాబ్రడార్లలో క్రమంగా చూపు పోయే జబ్బు ఒకటి ఉంది. లోపం ఉన్న జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తేనే పిల్లకు ఆ జబ్బు వస్తుంది. ఒక్కటే ఉన్న కుక్క జీవితాంతం బాగానే చూస్తుంది, పోటీల్లో గెలుస్తుంది కూడా. దాని కొడుకును, కూతురిని కలిపితే దాగి ఉన్న ఆ రెండూ కలుసుకునే అవకాశం పెరుగుతుంది. బుగ్గ లోపల తుడిచి తీసిన నమూనాతో డీఎన్ఏ పరీక్ష చేస్తే ముందే తెలిసిపోతుంది. కాగితం వంశం చెబుతుంది. పరీక్ష చేయించారా లేదా అన్నది అమ్మేవాళ్లనే అడగాలి.

2008లో బీబీసీ ఒక డాక్యుమెంటరీలో జాతి కుక్కలు పడుతున్న బాధను చూపించాక బ్రిటన్‌లో పెద్ద దుమారం రేగింది. ఆ మరుసటి సంవత్సరమే అక్కడి క్లబ్బు తల్లీకొడుకులను, తండ్రీకూతుళ్లను, తోబుట్టువులను కలిపి పుట్టించిన పిల్లలను నమోదు చేయడం ఆపేసింది. 1873 నుంచి లెక్కపెట్టుకోండి ఎన్నేళ్లు పట్టిందో. జనం నిలదీశాకే ఆ మార్పు వచ్చింది.

[దృశ్యం: కళింగపట్నం తీరం, మే నెల మధ్యాహ్నం. నీడలో నాలుక చాచి రొప్పుతున్న పగ్.]

కొన్ని జాతుల విషయంలో తప్పు పెంచేవాళ్లతో ఆగదు. పగ్‌నే తీసుకోండి. 2003లో హచ్ మొబైల్ ఫోన్ కంపెనీ ప్రకటన వచ్చాక మన దేశంలో దానికి ఎంత గిరాకీ పెరిగిందో గుర్తుండే ఉంటుంది. చప్పిడి ముఖం ఉండాలని, జాతి రూపం ఎలా ఉండాలో క్లబ్బులు రాసుకున్న ప్రమాణమే చెబుతుంది. ముఖం అణిగితే ముక్కు రంధ్రాలు ఇరుకవుతాయి, అంగిలి వెనుక మెత్తటి భాగం గొంతుకు అడ్డుపడుతుంది. కుక్క ఒళ్లు చల్లబరచుకునేది ముఖ్యంగా రొప్పడం ద్వారానే. మన తీరంలో గాలిలోనే తేమ ఉంటుంది, నాలుక మీది తడి త్వరగా ఆరదు. ఊపిరే సరిగా ఆడని కుక్కకు ఇక్కడి ఎండాకాలం ఎలా గడుస్తుందో ఆ గురక వింటే తెలుస్తుంది. దాన్ని ముద్దుగా ఉందని నవ్వకండి. అది గాలి కోసం పడే అవస్థ.

నార్వేలో జంతు సంరక్షకులు ఈ సంగతి మీద కోర్టుకు వెళ్లారు. ఇంగ్లిష్ బుల్‌డాగ్‌ను, కావలియర్ అనే చిన్న జాతి కుక్కను పుట్టించడం అక్కడి జంతు సంక్షేమ చట్టానికి విరుద్ధమని 2022 జనవరిలో ఓస్లో న్యాయస్థానం తీర్పు చెప్పింది. అప్పీలులో బుల్‌డాగ్ మీద తీర్పు మారింది, కావలియర్ మీద నిలిచింది. నా ఉద్దేశంలో ఉత్తరాంధ్ర తీరంలో పగ్‌ను పుట్టించి అమ్మడం, ఎన్ని పేపర్లు ఉన్నా, న్యాయమైన పని కాదు.

మన చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. కుక్కల పెంపకం, అమ్మకం మీద కేంద్రం 2017లో నిబంధనలు తెచ్చింది. పిల్లలను పుట్టించి అమ్మే ప్రతివారూ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి. క్లబ్బు సభ్యత్వం దీనికి బదులు కాదు. ఆడకుక్కకు 18 నెలలు నిండకుండా, 8 ఏళ్లు దాటాక క్రాసింగ్ చేయించకూడదు. జీవితంలో 5 ఈతలకు, అంటే 5 కాన్పులకు, మించకూడదు. బ్రిటన్ క్లబ్బు అయితే 2012 నుంచి 4 ఈతల దగ్గరే నమోదు ఆపేస్తోంది. కాబట్టి కొనేటప్పుడు రెండు కాగితాలు అడగండి, క్లబ్బుదీ, బోర్డుదీ. రెండోది అడగగానే అవతలివారి గొంతు మారితే ఫోను పెట్టేయండి.

[దృశ్యం: విజయనగరం, కంటోన్మెంట్ వైపు ఒక పాత పెంకుటిల్లు. పెరట్లో బాదం చెట్టు. కింద పడుకున్న జర్మన్ షెపర్డ్.]

ఇక విజయనగరం వెళదాం. ఇది ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారి ఇల్లు. పేరు చెప్పవద్దన్నారు. ఆయన దగ్గర ఉన్నవి రెండే ఆడకుక్కలు. గేటు తీయగానే నేను అడగకుండానే మొదట పెరట్లోకి తీసుకెళ్లారు. తల్లి పడుకుని ఉంది. పొదుగు ఇంకా వేలాడుతోంది. లేచి వచ్చి నా చేయి వాసన చూసి, మళ్లీ పిల్లల పక్కకు వెళ్లి పడుకుంది. కరవలేదు.

"ఎన్నో ఈత మాస్టారూ?" అన్నాను.

"రెండోది. దీనికి అయిదేళ్లు. ఇక చాలు బాబూ, దీన్ని ఇలాగే ఉండనిస్తాను."

[దృశ్యం: గళ్ల నోటుపుస్తకం. నీలం సిరాతో వరుసలు.]

ఇది ఆయన లెక్కల పుస్తకం. క్రాసింగ్ తేదీ, అక్కడి నుంచి 63 రోజులు లెక్కగట్టి ఈనే తేదీ. ఆఖరి వారంలో పూటపూటకూ జ్వరమాని పెట్టి రాసిన అంకెలు. ఒంటి వేడి ఒక్కసారిగా తగ్గితే దాదాపు ఒక రోజులో ఈనుతుందని గుర్తు. తరువాత పేజీలో ఒక్కో పిల్ల బరువు, వంటింటి కాటా మీద తూచినవి, రోజూ. మూడో పిల్ల రెండో రోజు బరువు తగ్గింది. పక్కన చిన్న అక్షరాలతో రాసుకున్నారు, "రాత్రి రెండు గంటలకొకసారి పట్టుకుని తాగించాను."

తరువాత బీరువాలోంచి ఎక్స్-రే తీసి కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టుకున్నారు. "ఇది చూడు. తొడ ఎముక గుండ్రటి తల ఈ గిన్నెలో బిగువుగా కూర్చోవాలి. ఇక్కడ చూడు, వదులుగా ఉంది." ఆ ఎక్స్-రే ఆయన దగ్గర ఇదివరకు ఉన్న ఒక మగకుక్కది. అది అందగాడట, చూసినవాళ్లంతా క్రాసింగుకు అడిగారట. ఎక్స్-రే చూశాక దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, తెలిసినవాళ్ల ఇంట్లో పెంపుడుకు ఇచ్చేశారు. జర్మన్ షెపర్డ్‌లలో తుంటి కీలు లోపం తరం నుంచి తరానికి వచ్చేదే.

"ఎక్స్-రే తీయించమని ఎవరైనా అడిగారా?"

"కొనేవాళ్లు ఒక్కరూ అడగలేదు. పేపర్లు ఉన్నాయా అని మాత్రం అందరూ అడుగుతారు."

ఆయన కూడా క్లబ్బు సభ్యుడే, పాతికేళ్లుగా. కార్డు చూపించమంటే ఎక్కడ పెట్టారో వెతకాల్సి వచ్చింది. "వంశం రాయించుకోవడానికి అది కావాలి బాబూ. ఆ పుస్తకం లేకపోతే దేనికి ఏది పుట్టిందో ఎవరికి తెలుస్తుంది? నేను కుక్కల్ని ఎలా చూస్తున్నానో కావాలంటే పెరట్లో చూసుకో."

పిల్లను ఇచ్చేటప్పుడు ఆయన తెల్లకాగితం మీద సంతకం తీసుకుంటారు. అందులో మొదటి వాక్యం ఇది: "ఎప్పుడైనా, ఏ కారణం చేతనైనా పెంచలేకపోతే నాకే తిరిగి ఇస్తాను." పాలకొండ వెళ్లిన ఒక కుక్క మూడేళ్ల తరువాత అలాగే తిరిగి వచ్చింది, యజమాని కుటుంబం విదేశం వెళ్లిపోయిందట. ఇప్పుడు వరండాలో ఆ మూల పడుకున్నది అదే.

నాకూ ఒక పిల్ల కావాలని అడిగాను. ఆయన వెంటనే ఔననలేదు. బుజ్జి ఎప్పుడు పోయిందని తేదీ అడిగారు. పార్వో వైరస్ నేలలో, సందుల్లో నెలల తరబడి బతుకుతుంది. ఇల్లు బ్లీచింగ్ నీళ్లతో కడిగారా, పడుకోబెట్టిన దుప్పటి ఏం చేశారు, పగలు ఇంట్లో ఎవరుంటారు, నేల నున్నటి టైల్సా అని వరుసగా అడిగారు. టీకాలన్నీ పూర్తయ్యేదాకా, అంటే 16 వారాలు దాటేదాకా మా ఇంటికి పిల్లను పంపనన్నారు. మేడ మీద ఉంటామని చెబితే మెట్లు ఎన్ని అన్నారు. ఎదిగే పిల్ల రోజూ మెట్లు ఎక్కి దిగితే తుంటి పాడవుతుందట.

"మెట్లకు చిన్న గేటు పెట్టించి ఫోటో పంపు. అప్పుడు చూద్దాం."

[దృశ్యం: శ్రీకాకుళం. మా ఇంటి మెట్ల దగ్గర టేపు పట్టుకుని కొలత తీస్తున్న వడ్రంగి. "ఎంత ఎత్తు కావాలండీ?" అని అడుగుతున్నాడు.]