ప్రింట్ అంటే జిరాక్స్ కాదండీ: హేల్ వుడ్రఫ్ కథ

లినోకట్ ప్రింట్ ఎవరికి చూపించినా వచ్చే మొదటి ప్రశ్న "బాగుంది, మరి ఒరిజినల్ ఎక్కడుంది?" ఇది విని విని విసుగొచ్చి ఈ వీడియో చేస్తున్నాను.

ఎమ్మార్వో ఆఫీసులో ధన్‌మని కొట్టే రబ్బరు స్టాంపు ఉంది చూశారా, ఆ ముద్ర పడ్డ కాగితాన్నే మనం ఒరిజినల్ అంటాం. స్టాంపు పీకి ఇంటికి తెచ్చుకోం కదా! లినోకట్ కూడా అంతే, కాకపోతే ఇక్కడ స్టాంపు చెక్కేది ఆర్టిస్టే. నేల మీద పరిచే లినోలియం ముక్క తీసుకుని, తెల్లగా ఉండాల్సిన చోటల్లా తవ్వేస్తాడు, మిగిలిన ఎత్తు భాగానికి సిరా పూసి కాగితం అద్దుతాడు, అదీ కుడి ఎడమలు తారుమారుగా ఊహించుకుని. ఉలి జారిందా, రబ్బరుతో చెరిపేయడం కుదరదు.

అమెరికా నల్లజాతి ఆర్టిస్టు హేల్ వుడ్రఫ్ 1930లలో, అక్కడి దక్షిణాది నగరం అట్లాంటాలో ఇలాంటివి చెక్కాడు. 1935 నాటి ఒక ప్రింటులో, గుంపు చంపేసిన నల్లజాతి మనిషి శవం చర్చి మెట్ల మీద పడి ఉంటుంది, మెడకి తాడు. బొమ్మ పేరు 'బై పార్టీస్ అన్‌నోన్'. అంటే మన పేపర్లలో రోజూ చూసే "గుర్తు తెలియని వ్యక్తులు". ఊరందరికీ తెలిసిన హంతకుల్ని అక్కడి విచారణల్లో సరిగ్గా ఇలాగే రాసి కేసు మూసేసేవాళ్లు. అది కూడా రబ్బరు స్టాంపే. దాన్ని తిరగేసి వాళ్ల మొహానే కొట్టాడు వుడ్రఫ్, నాకైతే అలాగే అనిపిస్తుంది.

ఇంతకీ ఈయన పాఠాలు చెప్పుకునే మాస్టారు. 1931లో పారిస్ నుంచి వచ్చి అట్లాంటాలో మాస్టారుగా చేరాడు. శిష్యుల్ని బయటికి తీసుకెళ్తే వాళ్లు కళ్లముందున్న పేదల గుడిసెలు, పెరటి మరుగుదొడ్లు గీసేవాళ్లు, దాంతో 'మరుగుదొడ్ల స్కూలు' అని ముద్ర పడిపోయింది. (చూశారా, మళ్లీ స్టాంపే!) నల్లజాతి ఆర్టిస్టుల బొమ్మలకి అమెరికా దక్షిణాదిలో చోటు దొరకడమే కష్టమైన కాలంలో, వాళ్ల కోసం, 1942లో అట్లాంటా యూనివర్సిటీలో ఏటా జరిగే ఎగ్జిబిషన్ మొదలుపెట్టాడు, అది 1970 దాకా నడిచింది.

సరే, మ్యూరల్స్, అంటే గోడల కోసం వేసే పెద్ద బొమ్మలు. 1936లో మెక్సికో వెళ్లి, అక్కడి పేరున్న మ్యూరల్ ఆర్టిస్టు డియేగో రివేరా దగ్గర రంగులు నూరాడు. అప్పటికే మాస్టారు, అయినా రంగులు నూరాడు, అది గమనించండి. తర్వాత అలబామాలోని టాలడేగా కాలేజీ లైబ్రరీ కోసం అమిస్టాడ్ మ్యూరల్స్ వేశాడు. 1839లో బానిసలుగా అమ్ముడైన ఆఫ్రికన్లు అమిస్టాడ్ ఓడలో తిరగబడ్డారు, 1841లో అమెరికా సుప్రీంకోర్టు వాళ్లని వదిలేయమంది. తిరుగుబాటు, విచారణ, ఇంటిదారి, మొత్తం మూడు బొమ్మలు, 1939లో, అంటే సరిగ్గా నూరేళ్లకి. స్టాంపు పోలిక ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే మ్యూరల్ ఒక్కటే ఉంటుంది. కానీ గోడకే అతుక్కుని ఉంటుందనుకుంటే అదీ తప్పే, ఆయన వేసింది కాన్వాస్ మీద, అందుకే వాటిని విప్పి, 2012 నుంచి కొన్నేళ్లు ఊరూరా ప్రదర్శించగలిగారు.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. 1946 నుంచి 1968 దాకా న్యూయార్క్ యూనివర్సిటీలో పాఠాలు, 1963లో రొమేర్ బియర్డెన్ లాంటి ఆర్టిస్టులతో కలిసి 'స్పైరల్' అనే నల్లజాతి ఆర్టిస్టుల బృందం, చివర్లో ఆబ్‌స్ట్రాక్ట్ బొమ్మలు (అంటే ఉన్నదున్నట్టు గీయకుండా రంగులు, ఆకారాలతో వేసేవి), 1980లో మరణం. ఆ ఆబ్‌స్ట్రాక్ట్ బొమ్మలకి ఇంకో వీడియో కావాలి.

అన్నట్టు, టాలడేగా లైబ్రరీ నేల మీద కూడా అమిస్టాడ్ ఓడ బొమ్మ ఉంది. విద్యార్థులు దాన్ని తొక్కరు, చుట్టూ తిరిగి వెళ్తారు.