అడిస్ అబాబా ఎత్తులో ఆకాశహర్మ్యం కట్టడం

అందరికీ నమస్కారం.

ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో ఉన్న కమర్షియల్ బ్యాంక్ ఆఫ్ ఇథియోపియా ప్రధాన కార్యాలయం ఎత్తు 209 మీటర్లు. డిజైన్ జర్మనీకి చెందిన హెన్ సంస్థది. చైనా స్టేట్ కన్‌స్ట్రక్షన్ 2015లో పని మొదలుపెట్టింది, 2022 ఫిబ్రవరిలో ప్రారంభోత్సవం జరిగింది. ఈ రోజుల్లో 209 మీటర్లు పెద్ద ఎత్తేమీ కాదు. అయితే పునాది తవ్వకముందే ఆ ఊరు సముద్రమట్టానికి 2,300 మీటర్ల పైన ఉంది. అక్కడ ఏ టవర్ కట్టినా చిక్కులు ఆ ఎత్తుతోనే మొదలవుతాయి.

నేల సంగతి మనకు తెలిసిందే. నగరంలో చాలాచోట్ల నల్లరేగడి. నాలుగైదు సెల్లార్లు తవ్వితే టవర్ దాన్ని దాటి కిందికి పోతుంది. ఉబ్బి, కుంగి ఇబ్బంది పెట్టేది ప్రహరీకి, డ్రైనేజీకి, పార్కింగ్ ర్యాంపుకి. వాటిని చిన్న పనులని వదిలేస్తారు, బీటలు ముందు అక్కడే కనిపిస్తాయి.

రాఫ్ట్, అంటే టవర్ మొత్తం కింద పరిచే మందపాటి కాంక్రీటు పునాది పలక. దాని పోతలో చాలామంది పొరపడతారు. చల్లని ఊరు కదా, వేడి సమస్య ఉండదనుకుంటారు. జరిగేది వేరు. సిమెంటు గట్టిపడేటప్పుడు పుట్టే వేడికి మూడు మీటర్ల మందం కాంక్రీటు నడిమధ్యలో 60 డిగ్రీలు దాటవచ్చు. డిసెంబరు రాత్రి బయట 10 లోపే. లోపలికీ పైపొరకీ తేడా 20 డిగ్రీలు మించితే పగుళ్లు వస్తాయి. అందుకే నీళ్లు కట్టి చల్లార్చకూడదు. ప్లాస్టిక్ షీటు పరిచి, పైన థర్మోకోల్ కప్పి వేడిని నిలపాలి. అడుగున, మధ్యలో, పైనుంచి 50 మిల్లీమీటర్ల లోతున థర్మోకపుల్స్ (వేడిని కొలిచే తీగలు) పెట్టి, తేడా తగ్గాకే కప్పు తీయాలి. పోజొలానా సిమెంటు (అగ్నిపర్వత బూడిద లాంటి పొడి కలిపినది) వాడితే వేడి నెమ్మదిగా పుడుతుంది. బలం కూడా నెమ్మదిగానే వస్తుంది కాబట్టి బలాన్ని మామూలుగా చూసే 28 రోజులకు కాక 56 రోజులకు పరీక్షించేలా స్పెసిఫికేషన్‌లో ముందే రాసుకోవాలి.

పై అంతస్తుల స్లాబులకు ఎదురయ్యే చిక్కు దీనికి తలకిందులు. ఎండ తీక్షణం, గాలి పొడి, పైగా పలచన. పోత పోసిన గంటల్లోనే పైతడి ఎగిరిపోయి సన్నబీటలు పడతాయి. ఫినిషింగ్ అవుతుండగానే తడి ఆరకుండా పొర కట్టే క్యూరింగ్ కాంపౌండ్ కొట్టాలి, లేదా తడి గోనెపట్టాలు పరవాలి. ఈ పలచని గాలిలో డీజిల్ జనరేటర్లు, మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు కూడా పూర్తి సామర్థ్యం ఇవ్వవు. 1,000 మీటర్లు దాటితే తయారీదారు ఇచ్చిన సామర్థ్యం తగ్గింపు పట్టిక చూసి పెద్ద సైజు ఎంచుకోవాలి. ఆ ఊళ్లో చిన్న భవనాలకు చాలాకాలం జామాయిల్ కర్రలతో పరంజా కట్టేవారు. టవర్‌కి అది పనికిరాదు.

ఇక అద్దాలు. డబుల్ గ్లేజింగ్ పలకను (మధ్య ఖాళీ వదిలి అంచులు మూసిన రెండు అద్దాలు) సముద్రతీరపు ఫ్యాక్టరీలో సీల్ చేస్తే లోపలి గాలి పీడనం 101 కిలోపాస్కల్స్. అడిస్ అబాబాలో బయట సుమారు 76. అద్దం వంగకుండా నిలిస్తే చదరపు మీటరుకు రెండున్నర టన్నుల తోపుడన్నమాట. నిజానికి అద్దం ఉబ్బి పీడనం కొంత దించుకుంటుంది, ఆ భారమంతా అంచు సీలు మీద పడుతుంది. ఎదురు రోడ్డు మీద నిలబడి చూస్తే ప్రతిబింబాలు వంకరగా కనిపిస్తాయి. విరుగుడుగా అంచులో సన్నని స్టీలు గొట్టం పెట్టిస్తారు. దాన్ని తెరిచి ఉంచి తెచ్చి, పీడనం సర్దుకున్నాక నొక్కి మూస్తారు. గొట్టం ఉంటే వేడిని అడ్డుకోవడానికి లోపల నింపే ఆర్గాన్ వాయువు నిలవదు, కాబట్టి ఏసీ లెక్కలు మామూలు గాలితోనే వేయాలి. మూయడం మరిచిపోతే జూన్ నుంచి సెప్టెంబరు దాకా కురిసే వానల తేమ లోపలికి దూరుతుంది. అలా మసకబారిన పలకను తుడిచే వీలుండదు. దించి కొత్తది ఎక్కించాలి, అదీ మళ్లీ జిబౌటీ ఓడరేవు మీదుగా తెప్పించుకుని.