బెంగళూరులో ఫ్లాట్ అద్దెకిస్తున్నారా? ముందు డిపాజిట్ డబ్బు పక్కన పెట్టండి

[తెర మీద: ఖాళీ అయిన హాలు, గోడ మీద మేకుల గుర్తులు]

నమస్కారమండి. ఆ రోజు ఆదివారం. కేఆర్ పురంలో మా ఫ్లాట్ ముందు ట్రక్కు ఆగి ఉంది. సామానంతా ఎక్కించేశారు. ఒంగోలు కుర్రాడు, మూడేళ్లు మా ఇంట్లో ఉన్నాడు. ఒక్క నెల కూడా అద్దె ఆలస్యం చేయలేదు. తాళాలు నా చేతిలో పెట్టి, "అంకుల్, డిపాజిట్ ఇప్పుడే వేస్తారా? కొత్త ఓనరుకు సాయంత్రంలోపు కట్టాలి" అన్నాడు.

ఇవ్వాల్సింది రూ. 1,50,000. నా ఖాతాలో రూ. 40,000 ఉన్నాయి. మిగతాది ఎప్పుడో ఊళ్లో ఇంటి రిపేరుకు ఖర్చయిపోయింది. మా బావమరిదికి ఫోన్ చేసి, ఆయన సర్దేసరికి సాయంత్రం ఆరు దాటింది. అంతసేపూ ఆ అబ్బాయి, భార్య, చంటిబిడ్డ మెట్ల మీదే కూర్చున్నారు. ఆ దృశ్యం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. ఈ వీడియో చేయడానికి కారణం అదే.

[తెర మీద: డిపాజిట్ ఎవరిది?]

ఒకప్పుడు బెంగళూరులో పది నెలల అద్దె అడ్వాన్సుగా అడిగేవాళ్లు. ఇప్పుడు చాలా చోట్ల తగ్గింది, అయినా పెద్ద మొత్తమే. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో, ఇళ్లకు డిపాజిట్ రెండు నెలల అద్దె మించకూడదని రాశారు. అది నమూనా మాత్రమే. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమల్లోకి వస్తుంది. అందుకే ఇక్కడ ఎంత తీసుకోవాలన్నది ఇప్పటికీ ఇద్దరూ మాట్లాడుకుని తేల్చుకునేదే.

ఎంత తీసుకున్నా సరే, ఆ డబ్బు మనది కాదు. అద్దెకున్నవాళ్ల డబ్బు మన దగ్గర దాచుకున్నారంతే. వచ్చిన రోజే వేరే ఖాతాలో ఎఫ్‌డీ వేయండి. ఎప్పుడు కావాలన్నా తీసుకునేలా ఉండాలి. వడ్డీ కాస్త తగ్గినా పర్వాలేదు.

భోగ్యానికి, అంటే ఇక్కడ 'లీజు' అనేదానికి ఇచ్చేవాళ్లయితే ఇంకా జాగ్రత్త. ఒకేసారి పది, పదిహేను లక్షలు తీసుకుని, నెల అద్దె లేకుండా ఇల్లు ఇస్తారు. గడువు తీరాక మొత్తం తిరిగివ్వాలి. ఆ డబ్బుతో ఇంకో స్థలం కొన్నవాళ్లను చూశాను. తిరిగిచ్చే రోజుకు ఆ స్థలం అమ్ముడుపోదు, ఉన్నవాళ్లు ఖాళీ చేయరు. చిన్న పెట్టుబడిదారులకు ఈ పద్ధతి వద్దనే నా గట్టి అభిప్రాయం.

[తెర మీద: బాత్‌రూమ్ కుళాయి, దగ్గరి నుంచి]

ఈ కుళాయి చూడండి. మొన చుట్టూ తెల్లగా, గట్టిగా పేరుకుంది. బోరునీళ్ల ఉప్పు. లోపల గీజర్ కాయిల్ కూడా ఇలాగే పాడవుతుంది. ఖాళీ చేసేటప్పుడు "గీజర్ పోగొట్టారు, మూడు వేలు కట్ చేస్తా" అంటే అన్యాయం. అది నీళ్ల వల్ల వచ్చిన అరుగుదల, ఇంట్లో ఎవరున్నా వస్తుంది. సింకు పగలగొట్టినా, తలుపుకు రంధ్రాలు చేసినా అడగొచ్చు. పెయింటింగ్ కింద ఒక నెల అద్దె పట్టుకోవడం ఇక్కడి అలవాటు. ఆ మాట అగ్రిమెంట్‌లో ముందే రాసి, చదివి వినిపించండి. చివరి రోజు కొత్తగా చెబితే గొడవే.

తాళాలు ఇచ్చే రోజు ఇద్దరూ కలిసి ఇల్లంతా ఫోన్‌లో వీడియో తీయండి. ప్రతి ఫ్యాను, ప్రతి స్విచ్చు, కరెంటు మీటరు రీడింగ్‌తో సహా. అదే వీడియో వాళ్లకూ వాట్సాప్ చేయండి. ఖాళీ చేసే రోజు ఇద్దరూ అదే చూసుకుంటారు.

అగ్రిమెంట్ 11 నెలలకే ఎందుకని చాలామంది అడుగుతారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం, ఏడాది దాటిన లీజును తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలి. ఆ ఖర్చు, తిరుగుడు తప్పించుకోవడానికే ఈ పద్ధతి. కానీ గడువు ముగిశాక కొత్తది రాసుకోకుండా ఏళ్లు గడిపేస్తారు. ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.

[తెర మీద: లెక్క]

ఇప్పుడు కొనాలనుకునేవాళ్ల కోసం. ఇవి ఉదాహరణ అంకెలు. ఫ్లాట్ రూ. 70 లక్షలు. స్టాంప్ డ్యూటీ 5 శాతం, 2025 ఆగస్టు చివరి నుంచి రిజిస్ట్రేషన్ ఫీజు 2 శాతం, పైన సెస్సులు. అన్నీ కలిపి ఐదు లక్షలు దాటుతుంది. కబోర్డులు, లైట్లు కలిపితే మొత్తం 78 లక్షలు అనుకుందాం.

అద్దె నెలకు రూ. 26,000. ఏడాదిలో ఒక నెల ఖాళీగా ఉంటుందనే లెక్క వేయండి. పదకొండు నెలలకు రూ. 2,86,000. మెయింటెనెన్స్ మీరే కడితే రూ. 42,000, ఆస్తిపన్ను రూ. 9,000, రంగులు, రిపేర్లు రూ. 25,000. చేతిలో మిగిలేది రూ. 2,10,000. పెట్టిన డబ్బు మీద మూడు శాతం కూడా లేదు. ఆస్తిపన్ను లెక్కలో ఇంకో సంగతి, అద్దెకిచ్చిన ఇంటికి ఇక్కడ రేటు సొంతంగా ఉండే ఇంటికి రెట్టింపు.

అదే ఇంటికి 50 లక్షల లోను, 20 ఏళ్లకు, 8.5 శాతం వడ్డీతో తీసుకుంటే ఈఎంఐ సుమారు రూ. 43,400. అద్దెలో నెలకు మిగిలేది రూ. 17,500. తేడా మీ జీతంలోంచే పోవాలి. "అద్దెతో ఈఎంఐ వెళ్లిపోతుంది" అని బ్రోకరు చెబితే ఈ లెక్క ఆయన ముందు పెట్టండి.

ఇన్‌కమ్ ట్యాక్స్‌లో కాస్త ఊరట ఉంది. ఆస్తిపన్ను తీసేశాక మిగిలిన అద్దెలో 30 శాతం, ఖర్చుపెట్టినా పెట్టకపోయినా, మినహాయింపు. అందుకే పెయింటింగ్ బిల్లులు విడిగా చూపించడానికి వీల్లేదు. లోను వడ్డీని అద్దెలోంచి తీసేయొచ్చు. కొత్త పన్ను విధానంలో ఉంటే మాత్రం, వడ్డీ ఎక్కువై వచ్చిన నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోలేరు. మీరు అమెరికాలో ఉండి ఇక్కడ ఇల్లు అద్దెకిచ్చారా? అయితే అద్దె చిన్నదైనా, అద్దెకున్నవాళ్లే అందులోంచి పన్ను (టీడీఎస్) పట్టుకుని ప్రభుత్వానికి కట్టి, మిగతాది మీకివ్వాలి. ఈ మాట వాళ్లకు ముందే చెప్పండి, లేదంటే నోటీసు వాళ్లకొస్తుంది.

కొనేముందు రెండు చూడండి. ఒకటి, ఖాతా. అంటే బ్యాంకు ఖాతా కాదు, ఆస్తిపన్ను కోసం నగరపాలక సంస్థ ఆస్తిని ఎవరి పేరున రాసుకుందో చూపే రికార్డు. 2024 అక్టోబరు నుంచి రిజిస్ట్రేషన్‌కు ఈ-ఖాతా, అంటే దాని ఆన్‌లైన్ రూపం, కావాలి. బీ-ఖాతా, అంటే అనుమతులు సరిగ్గా లేని ఆస్తులకిచ్చేది, అయితే చౌకగా కనిపిస్తుంది కానీ చాలా బ్యాంకులు లోను ఇవ్వవు. రెండు, నీళ్లు. 2024 వేసవిలో ట్యాంకర్ల కోసం ఈ ఊరు ఎంత అల్లాడిందో గుర్తుందిగా. అసోసియేషన్‌లో ఏప్రిల్, మే నెలల ట్యాంకర్ బిల్లులు చూపించమని అడగండి. చూపించకపోతే వాచ్‌మన్‌ని అడగండి, రోజుకెన్ని వస్తాయో ఆయనకు తెలుసు.

[తెర మీద: ఫోన్‌లో డబ్బు పంపిన మెసేజ్]

ఒంగోలు అబ్బాయి తర్వాత మదనపల్లె నుంచి ఒక కుటుంబం వచ్చింది. మొన్న వాళ్లు ఖాళీ చేశారు. ఇద్దరం కూర్చుని పాత వీడియో చూశాం. పెయింటింగ్‌కు అనుకున్నది పట్టుకుని, మిగతాది అక్కడే పంపించాను. ఆ ఇంటావిడ ఫోన్ చూసుకుని, "వచ్చేశాయన్నా" అంది. ట్రక్కు ఇంకా గేటు దాటలేదు.