బ్యాలెన్స్ యాప్ రివ్యూ: ఫోన్ ఛాతీకి కాదు, నడుముకి కట్టండి

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, ఒంటికాలి మీద ఎంత నిలకడగా నిలబడగలమో కొలిచే ఈ బ్యాలెన్స్ యాప్‌కి ఏడాది సబ్‌స్క్రిప్షన్ కంపెనీ వాళ్లే ఫ్రీగా ఇచ్చారు. డబ్బులేమీ ఇవ్వలేదు. యాప్ పేరు మాత్రం చెప్పను, ఎందుకంటే నాకు కోపం తెప్పించిన సంగతి ఈ ఒక్కదానిదే కాదు. కాబట్టి ఫీచర్లు, రేటు వదిలేద్దాం.

నా కుడి యాంకిల్ సంగతి పాత వ్యూయర్స్‌కి తెలుసు. షటిల్ ఆడుతుంటే బెణికింది. వాపు తగ్గింది, నొప్పి పోయింది. కానీ మెట్లు దిగేటప్పుడు, గతుకుల రోడ్డు మీద ఇప్పటికీ పాదం లోపలికి మడత పడుతుంది. క్రానిక్ యాంకిల్ ఇన్‌స్టెబిలిటీ అంటే ఇదే. ఇలా బెణికినప్పుడు ఎక్కువగా దెబ్బతినేది చీలమండ బయటివైపు, ముందు భాగంలో ఉండే లిగమెంట్, అంటే ఎముకల్ని కలిపి పట్టి ఉంచే పట్టీ. అది సాగిపోవడం ఒక్కటే కాదండీ, పాదం ఎటు వంగిందో మెదడుకి అందే కబురు కూడా దెబ్బతింటుంది. అందుకే బ్యాలెన్స్ కొలవాలి.

ఈ యాప్ ఏం చేయమంటుందంటే, ఫోన్‌ని రెండు చేతులతో ఛాతీకి ఆనించుకుని, కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలబడమంటుంది. ఫోన్‌లోని యాక్సిలరోమీటర్, అంటే కదలికని పసిగట్టే సెన్సర్, మన ఊగుడు లెక్కేసి వందకి ఒక స్కోరు ఇస్తుంది. నాకు రెండు కాళ్లకీ దాదాపు ఒకే స్కోరు వచ్చింది! మెట్ల మీద మడత పడే కాలికీ, బాగున్న కాలికీ ఒకే మార్కులా?

సరే అని అదే టెస్ట్ మళ్లీ చేస్తూ వెనకనుంచి వీడియో తీయించాను. ఇదిగో, చూడండి. పాదం వణుకుతోంది, వేళ్లు నేలని గట్టిగా పట్టుకుంటున్నాయి, నడుము అటూ ఇటూ జరుగుతోంది. ఛాతీ మాత్రం నిలకడగా ఉంది. చీలమండ చేయలేని పని తుంటి చేసి పెడుతోంది. ఫోన్ పెట్టిన చోట ఆ అవస్థ కనబడట్లేదు. పైగా రెండు చేతులూ బిగించి పట్టుకుంటాం కదా, దాంతో పై ఒళ్లంతా బిగుసుకుపోతుంది. డబ్బులు తీసుకునే యాప్ ఇది ఆలోచించాలి కదండీ!

ఇంతకుముందు నింటెండో వాళ్ల వీ (Wii) బ్యాలెన్స్ బోర్డ్ అనే, ఎక్కి నిలబడే పలక వాడేవాణ్ని. ఆటల కోసం చేసిందే, నాలుగు మూలలా నాలుగు సెన్సర్లు ఉంటాయి. 2010లో పరిశోధకులు దాన్ని ల్యాబ్‌లో పాదాల ఒత్తిడి కొలవడానికి వాడే ఫోర్స్ ప్లేట్‌తో పోల్చి, నిలబడి చేసే బ్యాలెన్స్ టెస్టులకి పనికొస్తుందని చూపించారు. అది పాదం కింద బరువు ఎటు జరుగుతోందో కొలుస్తుంది. ఫోన్ కొలిచేది తను ఉన్నచోటి కదలికని. అందుకే ఎక్కడ కట్టామన్నదే ముఖ్యం.

ఇప్పుడు నేను వాడుతున్నది ఫైఫాక్స్. జర్మనీలోని ఆర్‌డబ్ల్యూటీహెచ్ ఆకెన్ యూనివర్సిటీ వాళ్లు ఫిజిక్స్ ప్రయోగాల కోసం చేసిన ఉచిత యాప్. వైద్య పరికరం కాదు, స్కోరూ ఇవ్వదు. సాగే బెల్టుతో ఫోన్‌ని నడుము వెనక, బొడ్డుకి సరిగ్గా అవతలివైపు కట్టుకుంటాను. ఇందులో నాకు ప్రాణం టైమ్డ్ రన్. ఎన్ని సెకన్లు ఆగి మొదలవ్వాలో, ఎన్ని సెకన్లు రికార్డు చేయాలో ముందే పెట్టేయొచ్చు. బటన్ నొక్కిన కుదుపు, కాలు ఎత్తేటప్పటి కుదుపు లెక్కలోకి రావు. గురుత్వాకర్షణ తీసేసిన యాక్సిలరేషన్ ఆప్షన్ తీసుకుని, ఎక్సెల్‌లోకి పంపి, పక్కకి ఊగే కదలికకి స్టాండర్డ్ డీవియేషన్ చూస్తాను, అంటే అంకెలు సగటు నుంచి ఎంత అటూ ఇటూ అవుతున్నాయో. ఎక్కువ ఊగితే అది ఎక్కువ వస్తుంది. ఇలా కడితే కుడికాలి అంకె స్పష్టంగా ఎక్కువ వచ్చింది. ఫోన్ అదే, మనిషీ అదే!

దీనికి తోడు నేల మీద టేపు అంటించి, ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలు ముందుకి ఎంత దూరం చాపగలమో కొలవండి. 2006లో అమెరికాలో హైస్కూల్ బాస్కెట్‌బాల్ ఆటగాళ్ల మీద చేసిన అధ్యయనంలో, రెండు కాళ్ల మధ్య ఈ తేడా 4 సెంటీమీటర్లు దాటినవాళ్లకి కాలి గాయాల ముప్పు రెండున్నర రెట్లు ఉంది. టేపు చాలు, సబ్‌స్క్రిప్షన్ అక్కర్లేదు.

కాబట్టి ఈ యాప్ కొనమని చెప్పను. ఫోన్ నడుముకి కట్టుకునే పద్ధతి తెచ్చి, కుడి ఎడమల తేడా విడిగా చూపిస్తే మళ్లీ వీడియో చేస్తాను. కొత్తగా బెణికి వాపున్నవాళ్లు ఈ టెస్టులేవీ చేయకండి, ముందు డాక్టర్‌కి చూపించుకోండి. మిగతావాళ్లు గోడ పక్కన, దగ్గర ఒక మనిషిని పెట్టుకుని చేయండి. మీ రెండు కాళ్లకీ తేడా ఎంత వచ్చిందో, ఫోన్ ఎక్కడ కట్టారో కామెంట్‌లో రాయండి.